సూదాయన కాళ్ళ గొట్టాలు

మొన్న ఆదివారం పొద్దున బెంగళూరు యువకుడొకడు మా అంగడి ముందు పెద్ద బండి ఆపాడు. బాగేపల్లిలో హైవే పక్కన బైకు సీట్లకు కవర్లు కుట్టే అంగడి మాది. ఆదివారమైతే చాలు, బెంగళూరు వాళ్ళు గుంపులు గుంపులుగా ఈ దారిన పోతుంటారు, తల నుంచి పాదం దాకా నల్లటి తొడుగులు వేసుకొని. ఈ యువకుడి మోకాలి తొడుగుకు పట్టీ తెగిపోయింది. కుట్టి ఇమ్మన్నాడు. నేను కుడుతుంటే పక్క టీ అంగడాయన తొంగిచూసి, "ఇవి కట్టుకుంటే నిజంగా ఏమన్నా లాభముండాదా, ఉత్త షోకేనా?" అని అడిగాడు.

యువకుడు నవ్వి, "ఇంతవరకూ పడలేదు సార్, అందుకే తెలీదు" అన్నాడు.

నాకు తెలుసు. ఆ ప్రశ్నకు జవాబు నాకు ఒక మనిషి వందసార్లు చెప్పాడు. వద్దు మహాప్రభో అన్నా వినకుండా చెప్పాడు. టీ అంగడాయనకు కూడా చెప్పాడు, తెలిసే అడుగుతున్నాడు ఈయన.

ఆ మనిషి ఆవులకు సూది వేసేవాడు. ఆవు ఎదకొచ్చిందని కబురు పెడితే బండి మీద వచ్చి, మంచి జాతి ఎద్దు వీర్యం ఎక్కించి పోవడం ఆయన పని. బండి వెనక మూత తీస్తే తెల్లగా పొగలు కక్కే చల్లటి క్యాను ఒకటి కట్టి ఉండేది. పరగోడు చుట్టుపక్కల పల్లెల నుంచి చేలూరు మీదుగా చింతామణి దారి దాకా ఆయన తిరగని సందు లేదు. ఈ దిక్కున పాలిచ్చే ఆవుల్లో సగం ఆయన చలవే అని ఆయనే చెప్పుకునేవాడు, ఎవరూ కాదనేవాళ్ళు కాదు. అసలు పేరు చాలామందికి తెలియదు. అందరికీ సూదాయనే.

మొదటిసారి మా అంగడికి వచ్చినప్పుడు ఆయన చంకలో రెండు పైపు ముక్కలున్నాయి. నీళ్ళు పడని బోరుబావి దగ్గర మిగిలిపోయిన గట్టి ప్లాస్టిక్ పైపు. మా దిక్కున అట్లాంటి వాటికేం కొరత! దాన్ని నిలువునా రెండుగా కోయించి, అంచులు అరగదీయించి, మోకాలి నుంచి చీలమండ దాకా సరిపోయేట్టు కత్తిరించుకొని వచ్చాడు.

"లోపల మెత్తగా స్పాంజి పెట్టి, పైన రెగ్జిన్ వేసి కుట్టల్లప్పా. బండి మీద పోయేటప్పుడు కాళ్ళకు కట్టుకునేదానికి" అన్నాడు.

నా నోరు ఊరుకోదు. "కాళ్ళకు కూడా బోరు వేయించుకుంటాండావా అప్పా? ఎన్ని అడుగులకు పడినాయి నీళ్ళు?" అన్నాను.

అంగడిలో ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది టీ అంగడాయన. సూదాయన కూడా నవ్వాడు. నవ్వుతూనే వంగి, టీ అంగడాయన లుంగీ పట్టుకొని మోకాలి దాకా ఎత్తేశాడు! నడిబజారులో! ఆ మనిషి గావుకేక పెట్టాడు.

"అరవద్దప్పా. ఇదేమి మచ్చ?"

"సైలెన్సరు కాలింది."

"ఇది?"

"కంకరలో పడినా."

"ఈ సొట్ట?"

"అది... బండి మీద పడింది, పెండ్లైన సంవత్సరం."

సూదాయన లుంగీ వదిలేసి మా అందరి మొహాలూ చూశాడు. "చూస్తిరా? తలకాయకు హెల్మెట్ పెట్టుకోమంటారు, సరే, పెట్టుకుంటాము. బండి పడితే ముందు యాడ పడతాది? కాలి మీద. పోలీసాయన తలకాయ చూస్తాడు గానీ కాలు చూస్తాడా?"

నేను స్పాంజి కొలిచాను. పట్టీలు మాత్రం ఆయనే తెచ్చుకున్నాడు, ఎద్దుల మెడకు కట్టే తోలు పట్టెడలు, గజ్జెలు ఊడదీసినవి. అవి నూరేండ్లయినా తెగవని ఆయన నమ్మకం. కుట్టి ఇస్తే అక్కడే కట్టుకొని, రోడ్డు మీద అటూ ఇటూ నాలుగడుగులు నడిచి చూపించాడు. చూడడానికి ఎట్లా ఉన్నాడని అడిగితే నేను చెప్పను. చెప్తే నా కుట్టు పరువే పోతుంది.

ఆ గొట్టాలు వచ్చాక ఆయనకు కొత్త అలవాట్లు పట్టుకున్నాయి. ఇంటి ముందుకొచ్చి పిలిచేవాడు కాదు, బండి కీతో కాలి గొట్టం మీద టకటకా కొట్టేవాడు. ఆవులు చెవులు నిక్కించేవి, ఇంటివాళ్ళు బయటికి పరుగెత్తేవారు. ఆవు తన్నినా ఠప్పుమనేది గొట్టమే, ఆయన కాదు. తన్నిన ఆవును దర్జాగా చూసి, "తన్ను తల్లీ తన్ను, నీ ఇష్టం" అనేవాడు. పెండ్లికి పోతే పక్క విస్తరి వాడి కాళ్ళ మీదనే చూపు. కుంటుతూ ఎవరన్నా కనబడితే ఇక ఆ రోజు పని మరిచిపోయినట్టే. "యాడ పడితివప్పా? ఎట్ల పడితివి? ఏ కాలు?" అని మూడు ప్రశ్నలు. అన్నీ విని తల ఊపి, "కుడికాలు కాలతాది, ఎడమకాలు విరుగుతాది, మన బండ్ల లెక్క ఇంతే" అని తేల్చేసేవాడు.

టీ అంగడాయనతో మాత్రం రోజూ వాదమే. లుంగీ పగ అంత తొందరగా తీరుతుందా?

"ఎండాకాలం కాళ్ళు ఉడికి ముద్దైపోతాయి కదప్పా ఆ గొట్టాల్లో?"

"సాయంత్రం విప్పితే చల్లబడతాయి. విరిగిన కాలు విప్పి యాడ పెడతావు?"

"లారీ గుద్దితే ఇవేమి ఆపుతాయి?"

"లారీ గుద్దితే మా ఇంటికి ఫోన్ చెయ్. దానికి ఇవి కాదు. కుక్క అడ్డమొస్తే, ఇసకలో టైరు జారితే, బండి మీద పడితే, దానికి. మనం రోజూ పడేది లారీ కింద కాదప్పా, మన బండి కిందనే."

ఈ చివరి మాట నాకు నచ్చేది. అబద్ధం ఆడడు, లేనిది ఉందనడు. ఇంత తెలివైన మనిషి గదా అని నేను మురిసిపోతుండగానే, ఒక చలికాలం ఆయన వెనక సీటెక్కి చింతామణి పోవాల్సి వచ్చింది. అక్కడ నాకు రెగ్జిన్ చుట్టలు కొనే పని, ఆయనకు దారిలో రెండు ఆవులు. క్యాను నా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను.

చేలూరు దాటినాక రోడ్డు మీద రాగి కంకులు గడ్డితో సహా పరిచి ఉన్నాయి. మా దిక్కున ఇది మామూలే. పోయే బండ్లే కంకులు తొక్కి గింజలు రాలుస్తాయి, ఎద్దులూ రోలర్లూ అక్కరలేదు. కార్లకు పరవాలేదు. బైకు మీద పోయేవాడికి మాత్రం ఆ గడ్డి మీద టైరు ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. ఒక్కోసారి గడ్డి చక్రానికి చుట్టుకుంటుంది కూడా.

సూదాయన బండి ఆపాడు. దిగాడు. చెప్పులు విడిచి హ్యాండిల్‌కు తగిలించాడు. సరేలే అనుకున్నాను. తరువాత వంగి, కాళ్ళ గొట్టాలు రెండూ విప్పి వాటిని కూడా హ్యాండిల్‌కు వేలాడదీశాడు! ఒక కంకి తీసి కళ్ళకు అద్దుకొని, ఉత్త కాళ్ళతో బండెక్కి, "నీ చెప్పులు కూడా తీసి చేతిలో పెట్టుకో" అన్నాడు నాతో.

నాకు ఒళ్ళు మండింది. "నీకేమన్నా పిచ్చా అప్పా? ఊరంతా తిరిగేటప్పుడు కట్టుకొని, జారేచోటికి వచ్చి విప్పుతావా?"

"ఇది కళ్ళమప్పా. రోడ్డు మీద ఉంటే మాత్రం కళ్ళం కాకుండా పోతాదా? కళ్ళంలోకి తోలుతో పోకూడదు."

"కళ్ళంలో ఎద్దులు తిరగవా? వాటిది తోలు కాదా?"

"అది ప్రాణమున్న తోలు. ఇది చచ్చిన తోలు."

"టైరు పోవచ్చునా?"

"టైరు రబ్బరు. అది తొక్కాలనే కదా వాళ్ళు పరిచింది!"

నేనూ చెప్పులు విప్పాను. గడ్డి తిప్పుతున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూసి సంతోషంగా దారి ఇచ్చారు. మా ముందు పోయిన వాళ్ళెవరూ వేగం కూడా తగ్గించలేదట. నేను ఒక చేత్తో చెప్పులు, ఒక చేత్తో క్యాను పట్టుకొని, తెలిసిన దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. ఆ రోజు పడలేదు.

మరుసటి చలికాలం పడ్డాడు. ఉలవ చెట్లు పరిచిన చోట, ఉత్త కాళ్ళతో. ఉలవ తీగ చక్రానికి చుట్టుకొని బండి ఎడమపక్కకు ఒరిగి, మొత్తం బరువు ఎడమ మోకాలి కింద పడింది. గొట్టాలు హ్యాండిల్‌కే వేలాడుతున్నాయట. వాటి మీద గీత కూడా పడలేదు.

చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి చూడడానికి పోయాను. కాలు పైకి కట్టి ఉంది, లోపల రాడ్డు వేశారు. ఆయన మాత్రం పక్క మంచం వాడిని, "యాడ పడితివప్పా? ఏ కాలు?" అని అడుగుతున్నాడు. నన్ను చూసి, "ఈ వార్డంతా మన బండ్లోళ్ళేనప్పా, అందరిదీ మోకాలి కిందనే!" అన్నాడు, ఏదో పరీక్షలో ఫస్టు వచ్చినట్టు.

ఆయన భార్య నవ్వలేదు. చిన్న మనిషి, గట్టి గొంతు. డాక్టరు చెప్పిన మాట నాకు చెప్పింది. ఈ కాలు ఇదే చోట ఇంకోసారి విరిగితే మళ్ళీ నడిపిస్తానని మాటివ్వలేనన్నాడట.

"అందుకే బండి అమ్మేస్తాండా" అంది.

సూదాయన నోరు మూతపడింది. ఆ మనిషి వాదన మానడం నేను మొదటిసారి చూశాను. మెల్లగా, "ఎదకొచ్చిన ఆవు నా కోసం కాచుకుంటాదా? ఆ పొద్దు తప్పితే మళ్ళా ఇరవై దినాలు. పాపం, ఆవున్నోళ్ళు..." అన్నాడు.

"నీ కాలు పోతే ఏ ఆవొచ్చి నిన్ను చూస్తాది? చెప్పు!" అని ఆమె ఎదురడిగింది. ఆయన గోడ వైపు మొహం తిప్పుకున్నాడు. నేను తెచ్చిన అరటిపండ్లు అక్కడ పెట్టి బయటికి వచ్చేశాను.

ఆరు నెలల తరువాత ఆమె ఒక్కతే మా అంగడికి వచ్చింది. ఎరువుల సంచిలో నుంచి ఆ గొట్టాలు తీసి నా మిషను మీద పడేసింది.

"వీటిని కుట్టింది నువ్వే కదా?"

"అవునమ్మా."

"మంచానికి అతుక్కొని సూరు వాసాలు లెక్కబెడతాండాడు మనిషి. అన్నం తినడు, నాతో కొట్లాడడు. ఇట్ల చూడలేనప్పా. బండి అమ్మలేదు, కీ నా దగ్గరే ఉండాది. కళ్ళంలో కూడా విప్పే పని లేకుండా కుట్టు. కుడితే కీ ఇస్తా."

"ఆయన తోలు అంటాడు కదమ్మా..."

"తోలు ఎందుకు పెడితివి మరి?"

నాకు సిగ్గేసింది. ఇన్నేండ్లు సీట్లు కుట్టి, ఆయన తెచ్చిన పట్టెడలు తీసిపారేసి వేరేది వేయొచ్చని నా మట్టిబుర్రకు తట్టలేదు. మళ్ళీ ఆయన్ని పిచ్చోడన్నది నేనే! తోలు బదులు మంచాలకు అల్లే నవారు వేద్దామన్నాను. ఆమె పైనున్న రెగ్జిన్ వేలితో నొక్కి చూసింది. ఇది కూడా తోలు మాదిరే మెరుస్తోంది, ఆయనకు అనుమానం వస్తుందంది. కాసేపు ఇద్దరం ఆలోచించాం. చివరికి ఆమె మిల్లుకని తెచ్చి పక్కన పెట్టుకున్న రాగుల గోతాం చూసింది.

"రాగులు పోసేది గోతాములోనే కదా? రాగులకు లేని మైల ఈయనకేమి?"

అంతే. పైన గోతాం గుడ్డ, లోపల రెండింతలు స్పాంజి, పట్టీలకు నవారు. ఎడమకాలి దానికి పైపు మీద ఇంకో పైపు ముక్క వేసి దళసరి చేశాను. నా జీవితంలో ఏ సీటూ అంత జాగ్రత్తగా కుట్టలేదు. తీసుకొని పోతూ ఆమె, "ఆయన పడితే నిన్నడుగుతా" అంది. తమాషాకు అనలేదు.

సూదాయన మూడు రోజులు వాటిని కట్టుకోలేదు. నాలుగో రోజు వాటిని చేతిలో పట్టుకొని, బస్సెక్కి పోయి, రోడ్డు మీద కంకులు పరిచే ఒక ముసలామెను అడిగాడట, "అవ్వా, వీటితో కళ్ళంలోకి రావచ్చునా?" అని. ఆమె తడిమి చూసి, "గోతామే కదప్పా, దీనికేమొచ్చె? రా పో" అందట. ఈ తీర్పు ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. చెప్పులు మాత్రం విడిచే పోయేవాడు. మోకాళ్ళ నుంచి చీలమండల దాకా కవచం, కింద ఉత్త పాదాలు!

రెండేండ్లు గడిచాయి. ఆయన బండి రోడ్డు మీద కనబడినప్పుడల్లా నా చూపు ఆ ఎడమకాలి మీదికే పోయేది. ఒకరోజు మధ్యాహ్నం అంగడి ముందు టకటకా చప్పుడు. చూస్తే సూదాయన, మొహం చిటపటలాడుతోంది.

"ఏమప్పా, ఇదేనా నీ కుట్టు? నవారు ఊడిపోయింది చూడు!"

ఎడమకాలి గొట్టం మిషను మీద పెట్టాడు. నవారు ఊడిన మాట నిజమే. గోతాం గుడ్డ ఎత్తి చూశాను. పై పైపు నిలువునా చీలిపోయింది. లోపలి పైపుకు కూడా పగులు. మండికల్ దగ్గర గడ్డి మీద జారి, బండి మళ్ళీ అదే కాలి మీద పడిందట.

"కాలు? కాలేమాయె?"

"కాలుకేమి? ముందు కుట్టు సంగతి చెప్పు!" అంటూ ప్యాంటు ఎత్తాడు. రాడ్డు వేసిన చోట ఎర్రగా కందిన గీత, అంతే. తాకి చూశాను. ఇంకోసారి తాకాను. "చక్కిలిగిలి పెట్టద్దప్పా" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. టీ అంగడాయన వచ్చి ఆ చీలిక చూసి, పోయి మూడు టీలు తెచ్చాడు.

పోయిన సంవత్సరం, వానలు మొదలైన కొత్తలో, పాలవ్యాను డ్రైవరు అంగడి ముందు ఆగి చెప్పాడు, సూదాయన పోయాడని. బండి మీద కాదు. ఇంట్లోనే, పొద్దున కాఫీ గ్లాసు చేతిలో పట్టుకొని, గుండె ఆగి. మిషను మీదున్న సీటు అట్లాగే వదిలేసి, బండి తీసుకొని వాళ్ళ ఊరికి పోయాను.

వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. ఆయన భార్య కాళ్ళ దగ్గర కూర్చొని ఉంది. నన్ను చూడగానే ఏడవలేదు. ఎడమకాలి మీద చెయ్యి వేసి, "తెల్లవారి లేసి, తన కాళ్ళ మీద తానే నడిచిపోయి ఆవుకు గడ్డేసి వచ్చినాడప్పా. మంచాన పడకుండా పోయినాడు. నీ రుణమది" అంది.

నేను భోరున ఏడ్చాను. అంత పెద్దగా ఎందుకు ఏడుస్తున్నానో నాకే తెలియలేదు. ఆమె నన్ను ఏడవనిచ్చింది. తరువాత నా కాళ్ళ వైపు చూసింది.

"బండి మీదనే వచ్చినావా?"

"అవునమ్మా."

"వానలో?"

తల ఊపాను.

"కాళ్ళకేమీ లేదే?"

ఊరందరి సీట్లూ కుట్టినవాడిని, ఆయన గొట్టాలు మూడుసార్లు కుట్టినవాడిని, నా కాళ్ళకు మాత్రం ఏమీ కుట్టుకోలేదు. ఎండ అనలేను, టైము లేదనలేను. అట్లాంటి సాకులన్నిటికీ జవాబు చెప్పే మనిషి నా ముందే పడుకొని ఉన్నాడు.

"నిన్నిట్ల పంపిస్తాండాదంటే నీ పెండ్లాం నాకంటే ఓపికమంతురాలు" అంది ఆమె.

ఇంటికి వచ్చి స్నానం చేసి, మా ఆవిడను పిలిచి టేపు చేతికిచ్చాను. మోకాలి నుంచి చీలమండ దాకా కొలవమన్నాను.

"ఎవురికి?" అంది.

"నాకే" అన్నాను.

ఆమె కింద కూర్చొని కొలిచింది, కాగితం మీద రాసింది, ఇంకో కాలు ముందుకు పెట్టమంది. రెండూ ఒకటే ఉంటాయి, ఒకటి కొలిస్తే చాలులే అన్నాను. వినలేదు. రెండోది కూడా కొలిచింది.